ప్లస్ సున్నా

మా మామ్మ వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో పాల లెక్క రాసేది. పాలు పోసిన రోజు నిలువు గీత. పాలవాడు ఎగ్గొట్టిన రోజు చిన్న సున్నా. తను ఊళ్ళో లేని రోజు, అంటే పాతపట్నంలో చెల్లెలింటికో, శివరాత్రికి ముఖలింగమో వెళ్ళిన రోజు, ఆ చోట ఏమీ రాసేది కాదు. వేలెడు జాగా వదిలి, వచ్చాక దాని పక్కన మొదలెట్టేది. నెలాఖరున పాలవాడు తలుపు ముందు గొంతుక్కూర్చుని లెక్కపెట్టేవాడు. వదిలేసిన జాగా దగ్గరే ఎప్పుడూ పేచీ. "నాను లేను కదా, పోసినావో లేదో నాకేటి తెల్సు? పక్కింటామెనడుగు" అనేది మామ్మ. పక్కింటామె చేతులు తుడుచుకుంటూ వచ్చి సాక్ష్యం చెప్పేది. అప్పుడు ఆ జాగాలో గీతో సున్నానో పడేది. అప్పటిదాకా అది ఖాళీయే.

మామ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ తలుపు కూడా లేదు, ఇల్లు తిరగకట్టినప్పుడు తీసేశాం. పోయినేడాది వానాకాలంలో ఒకరోజు ఆఫీసులో కూర్చుని ఉండగా ఆ తలుపు గుర్తొచ్చి కడుపులో దేవింది. అది చెప్దామనే ఈ టపా. కానీ కొంచెం వెనకనుంచి రావాలి.

నాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. బోర్డుల మీద పారలాఖెముండి అని ఉంటుంది, మా ఇంట్లో ఎవరి నోటా ఆ మాట రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో ఒడియా చదివి, ఇప్పుడు బరంపురంలో ఒక పెద్ద సూక్ష్మరుణాల కంపెనీ జోనల్ ఆఫీసులో ఎమ్మైఎస్, అంటే బ్రాంచీల లెక్కలు కూర్చి పెద్దవాళ్ళకి చూపే పని, చూస్తున్నాను. కంపెనీ పేరు రాయను, జీతం ఇంకా వాళ్ళే ఇస్తున్నారు. చాలా రాష్ట్రాల్లో బ్రాంచీలున్న సంస్థ. మా జోన్‌కి గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాలు. అంతా కలిపి 41 బ్రాంచీలు.

పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పల్లెల్లో ఆడవాళ్ళు గ్రూపులుగా అప్పు తీసుకుంటారు. వారానికో పదిహేను రోజులకో సెంటర్ మీటింగు. ఫీల్డ్ ఆఫీసరు పొద్దున్న ఏడింటికల్లా బండేసుకుని వెళ్ళి, చాప మీద కూర్చుని, కిస్తీ వసూలు చేసి, పాసుబుక్కులో సంతకం పెట్టి, ఫోన్లో యాప్‌లో కొడతాడు. కొట్టింది సర్వర్‌కి చేరుతుంది. సర్వర్నుంచి డ్యాష్‌బోర్డుకి, అంటే అంకెలూ గ్రాఫులూ ఒక్కచోట చూపే తెరకి. డ్యాష్‌బోర్డు నుంచి పెద్దవాళ్ళ బీపీకి.

2021 దాకా మాది ఎక్సెల్ కాపురం. పొద్దున్న పదకొండుకి 41 ఫైళ్ళు మెయిల్లో వచ్చి పడేవి. ఒక్కో మేనేజరు తనకి తోచిన చోట ఒక కొత్త కాలమ్ ఇరికించేవాడు, ఒకాయన మొత్తం కింద తన సంతకం టైపు చేసేవాడు. అవన్నీ అతికించేసరికి మధ్యాహ్నం మూడు. ఆ తరవాత హెడ్డాఫీసు వాళ్ళు పవర్ బీఐ అని, డ్యాష్‌బోర్డులు కట్టే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2015 జూలైలో బజార్లో పెట్టింది, మా దాకా రావడానికి ఆరేళ్ళు పట్టింది. రెండు రోజుల ట్రైనింగు, టిఫిన్లు బాగున్నాయి. ట్రైనింగిచ్చినాయన 'బిజినెస్ ఇంటెలిజెన్స్' అనే మాట మీద 1958లోనే ఐబీఎం ఉద్యోగి హాన్స్ పీటర్ లూన్ ఒక వ్యాసం రాశాడని చెప్పాడు. సంస్థలోకి వచ్చే కాగితాల్లో ఏది ఎవరికి అవసరమో కనిపెట్టి వాళ్ళకే పంపే యంత్రం గురించిట అది. ఆ మధ్యాహ్నం మాత్రం డ్యాష్‌బోర్డు అనే మాట నాకు నచ్చింది. గుర్రబ్బండికి ముందు కట్టే పలకట అది. డెక్కలనుంచి ఎగిరే బురద బండిలో కూర్చున్నవాళ్ళ మీద చిందకుండా.

మా తాత పర్లాకిమిడి స్టేషను దగ్గర జట్కా తోలిన మనిషి. నౌపడా నుంచి చిన్న రైలు వచ్చే రోజుల సంగతి. ఇంటికెళ్ళి నాన్నకి ఈ పలక సంగతి చెప్తే, "మరి మీ ఆఫీసులో ఎవరి మీద బురద పడకుండా కడతన్నారే?" అన్నారు. నవ్వేశాను.

మొదటి ఆర్నెల్లూ నా పోరాటమంతా ఊరి పేర్లతో. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళెవరూ ఈ భాగం చెప్పరు. పాత ఫైళ్ళలో మా ఊరికే ఇంగ్లీషులో ఏడు స్పెల్లింగులు తేలాయి. రైలు పట్టా కాలంనాటి పర్లాకిమెడి, ప్రభుత్వం వారి పారలాఖెముండి, మధ్యలో ఒక 'ఎచ్' ఉన్నదీ లేనిదీ, చివర 'ఐ' బదులు 'వై' పెట్టినదీ, ఎవరో బద్ధకంగా 'పర్లా' అని వదిలేసిందీ. డ్యాష్‌బోర్డుకి ఇవి ఏడూళ్ళు. ఏడు వేర్వేరు కడ్డీలు, ఒక్కోటి జానెడు. జోన్‌లో మూడో పెద్ద బ్రాంచి అట్టడుక్కి పోయింది.

పేరు ఒకటే అయి ఊళ్ళు వేరైతే ఇంకా నరకం. మా గజపతి జిల్లాలో రాయగడ అని ఒక బ్లాకుంది. పక్కనే రాయగడ అని జిల్లాయే ఉంది. ఈ రెండు జిల్లాలూ 1992 అక్టోబరు 2న ఒకేరోజు పుట్టిన కవలలు, తల్లులు వేరు. ఒకటి గంజాం నుంచి విడిపోయింది, ఇంకోటి కొరాపుట్ నుంచి. మొదటి నెల మా బ్లాకు వసూళ్ళు రాయగడ జిల్లాలో కలిసిపోయి, అక్కడి ఏరియా మేనేజరుకి చప్పట్లు కొట్టారు. ఆయన కూడా ఏమీ అనలేదు. ఉదయగిరులు రెండు. మాది ఆర్. ఉదయగిరి, కంధమాల్ జిల్లాది జి. ఉదయగిరి. ఆర్ అంటే రామగిరి, జి అంటే ఘుముసర్. ముందక్షరం ఎవడైనా తినేశాడంటే డబ్బు జిల్లా మారిపోతుంది.

ఇక మ్యాపు పెట్టిన రోజు చూడాలి. హెడ్డాఫీసు వాళ్ళకి మ్యాపంటే ప్రాణం. ఊరి పేరిస్తే చాలు, అదే వెతుక్కుని బుడగ పెడుతుందన్నారు. పెట్టింది. కొరాపుట్ జిల్లా జయపురం బుడగ రాజస్థాన్‌లో తేలింది. మా బరంపురం బెంగాల్లో ముర్షిదాబాద్ పక్కకెళ్ళి కూర్చుంది. రాయగడ మహారాష్ట్ర సముద్రతీరాన. పెద్ద మీటింగులో తెర మీద అది పడేసరికి మా జోనల్ హెడ్ గారు కాసేపు మాట్లాడలేదు, తరవాత ఒడియాలో మెల్లిగా "మన వసూళ్ళు తీర్థయాత్రకెళ్ళాయా?" అన్నారు. మర్నాటినుంచి నేను ప్రతి బ్రాంచికీ అక్షాంశం, రేఖాంశం చేత్తో ఎక్కించాను, ఊరి పేరు చూపులకి ఉంచి లెక్కంతా బ్రాంచి కోడ్‌కి కట్టాను. రెండు నెలల పని. దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ, చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

కొండల్లో సవర ఊళ్ళ పేర్లు మాత్రం ఇప్పటికీ సరిగ్గా లేవని నా అనుమానం. ఆ జాబితా ఎక్కడో దూరాన, వాటిని ఒక్కసారి కూడా నోటితో పలకనివాళ్ళు టైపు చేసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళోనే పంతులుగా ఉంటూ సవరవాళ్ళ దగ్గర కూర్చుని విని, ఆ భాష నేర్చుకుని, 1931లో దానికి ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చువేయించారు. ఆ ఊరిదాన్నే అయిన నేను సవర ఊరి పేరు డ్రాప్‌డౌన్‌లోంచి ఏరుకుంటున్నాను.

చిన్నచిన్న తిప్పలు చాలా ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను. మా జోనల్ హెడ్ గారు తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి, వాకింగుకి ముందు ఫోన్లో డ్యాష్‌బోర్డు చూస్తారు. "మీ బోర్డు ఇంకా నిన్నటి తారీఖే చూపిస్తోంది" అని ఐదింటికి ఫోను. నా కంప్యూటర్లో సరిగ్గానే ఉండేది. వారం రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసింది: ఆన్‌లైన్లో పెట్టిన రిపోర్టుకి 'టుడే' అంటే గ్రీన్విచ్ వారి ఇవాళ. మన పొద్దున్న ఐదున్నరయితే గానీ దానికి తెల్లారదు. ఆ గ్రీన్విచ్ టైముకి (యూటీసీ అంటారు) ఐదున్నర గంటలు కలిపి రాశాక ఫోన్లు ఆగాయి.

అందరూ 'లైవ్' అంటారు దాన్ని. లైవ్ కాదు. మాకున్న ప్రో లైసెన్సుకి రోజుకి 8 సార్లు రిఫ్రెష్, అంటే కొత్త డేటా తెచ్చుకోవడం, పెట్టుకోవచ్చు, అంతే. ఆ మధ్యలో చూసేదంతా సద్దన్నమే. ఆ రిఫ్రెష్ కూడా, సర్వర్‌కీ మైక్రోసాఫ్ట్‌కీ మధ్య గేట్‌వే అని ఒక మామూలు డెస్కుటాపు వెలుగుతూ ఉంటేనే. దసరాకి ఆఫీసు కడిగినప్పుడు ఊడ్చే ఆమె దాని ప్లగ్గు తీసి, తన గ్రైండర్ లాంటిదేదో పెట్టుకుంది. మూడు రోజులు రాష్ట్రమంతా పండగ ముందు అంకెలే చూసింది. ఎవరూ గమనించలేదు, అదీ విడ్డూరం. ఇప్పుడు దాని మీద ఒడియాలోనూ తెలుగులోనూ 'ఇది ఆపరాదు' అని కాగితం అంటించి, దానికి కుంకుమబొట్టు కూడా పెట్టాం. కాగితం కన్నా బొట్టే బాగా పనిచేస్తోంది.

ఇంకొకటి, నా లాగిన్‌కి ఒడిశా మాత్రమే కనిపిస్తుంది. ఎవరి వరసలు వాళ్ళకే అన్న నియమం. నియమం మంచిదే. కానీ మా జిల్లా కాశీనగర్ మనిషి కూరగాయలు ఆంధ్రలో కొత్తూరు సంతలో అమ్ముకుంటుంది, ఆడపిల్లని హిరమండలం ఇచ్చింది, పురిటికి అటే వెళుతుంది. సరిహద్దు ఆమెకి లేదు, నా తెరకే ఉంది. ఏటవతల ఆమె కుదురుగా ఉందో కూలిపోయిందో నాకు కనపడదు.

ఎవరెవరు ఏ పేజీ చూశారో చెప్పే లెక్క ఒకటుంటుంది పవర్ బీఐలో. ఓ ఆదివారం తోచక తెరిచాను. 2022 మార్చిలో రిజర్వుబ్యాంకు కొత్త నిబంధనలిచ్చింది: ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం, ఆ ఇంటి అప్పుల నెల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ సగానికి దగ్గరపడ్డ ఇళ్ళేవో, ఏ సెంటర్లో ఎక్కువున్నాయో చూపే పేజీ నేను ఒకటి కట్టాను, నలభై రోజులు. దాన్ని ఆ నెలలో తెరిచినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకదాన్ని నేను. మొదటి పేజీ, వసూలు శాతం పెద్దంకెలో ఉన్నది, కొన్ని వేలసార్లు తెరిచారు. బ్రాంచి మేనేజర్లయితే అది కూడా తెర మీద చూడరు. ఎక్సెల్‌లోకి దింపి, ప్రింటు తీసి, స్కేలు పెట్టి ఎర్రపెన్నుతో గీతలు గీస్తారు. మొదట్లో చిరాకేసేది. ఇప్పుడు వాళ్ళే నయం అనిపిస్తుంది, కనీసం ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదువుతారు.

ఆ పెద్దంకె దగ్గరికే వస్తున్నాను.

పోయినేడాది మార్చిలో రివ్యూ. పవర్ బీఐలో ఒక అంకెకి అసలు డేటాయే లేకపోతే ఆ కార్డు మీద బ్రాకెట్లలో 'బ్లాంక్' అని పడుతుంది. ఆ రోజు మూడు బ్రాంచీలకి అలా పడింది, అప్పటికింకా సింక్ కాలేదు, అంటే ఫోన్లలో కొట్టింది సర్వర్‌కి చేరలేదు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి, ఇదేమిటి, ఇంత ఖర్చుపెట్టి కొంటే తెర మీద చిల్లులేమిటి, అన్నారు. మా జోనల్ హెడ్ గారు నా వైపు చూసి "ఏ బ్లాంక్ టా కొణొ?" అన్నారు. ఈ బ్లాంకేమిటి, అని. సాయంత్రానికి తీసేస్తానన్నాను.

తీసెయ్యడం ఎంత తేలికంటే, సిగ్గుగా ఉంది చెప్పడానికి. లెక్క చివర ఒక ప్లస్ గుర్తు, ఒక సున్నా. అంతే. బ్లాంకుకి సున్నా కలిపితే ఆ భాషలో సున్నా అవుతుంది. నెట్లో ఎవరినడిగినా ఇదే చిట్కా చెప్తారు. రెండు నొక్కులు నొక్కి, సేవ్ చేసి, ఆరింటి బస్సందుకున్నాను. ఆ రాత్రి జోనల్ హెడ్ గారినుంచి వాట్సాప్‌లో బొటనవేలు వచ్చింది.

తెర నిండుగా తయారైంది. మరీ నిండుగా. బ్లాంకున్నప్పుడు డ్యాష్‌బోర్డు ఆ వరసనే చూపించదు. సున్నా వచ్చాక ప్రతి బ్రాంచికీ ప్రతి నెలా ఒక గడి పుట్టింది. 2021లో తెరిచిన బ్రాంచికి 2018లో వసూలు సున్నా అని చూపించడం మొదలెట్టింది. పుట్టని బిడ్డకి ప్రోగ్రెస్ కార్డు. అది చూసి నవ్వుకుని, తేదీ ఫిల్టరొకటి పెట్టి ఊరుకున్నాను. తిత్లీ కూడా అలాగే బయటపడింది. 2018 అక్టోబరు 11న తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను అది, మా గజపతి కొండల్ని విరిచేసింది. ఆ వారం సెంటర్ మీటింగులే లేవు, దార్లే లేవు. ఇంతకుముందు ఆ రోజులు గ్రాఫులో ఉండేవే కావు. ఇప్పుడు గీత నిట్టనిలువుగా నేలకి దిగి, వారం పాటు నేల మీద పాకి, మళ్ళీ లేస్తోంది. హెడ్డాఫీసులో కొత్తగా చేరిన ఎనలిస్టు కుర్రాడు ఫోన్ చేసి, "మేడమ్, ఆ వారం మీ స్టాఫ్ సమ్మె చేశారా?" అని అడిగాడు. అతనికి తుపాను గురించి పావుగంట చెప్పాను. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

జూలైలో సున్నాకి అలర్టు పెట్టారు. ఏ ఫీల్డ్ ఆఫీసరుకైనా మీటింగుండి రెండు రోజులు వరసగా వసూలు సున్నా అయితే ఎర్రరంగు, ఆరుగురికి మెయిలు. నన్నడిగి పెట్టలేదు. అడిగినా సరేననే ఉండేదాన్ని.

గుమ్మ వైపు కొండల్లో ఒక బ్రాంచి. అక్కడ ఫీల్డ్ ఆఫీసరు ఇరవైమూడేళ్ళ గుంటడు, మా ఊరివాడే, వాళ్ళ అమ్మ మా వీధిలో అప్పడాలు అమ్ముతుంది. ఆ సోమవారం రెండు సెంటర్లు చేసుకుని దిగబోతే గెడ్డ, అంటే కొండవాగు, పొంగింది. కాజ్‌వే మీద నడుంలోతు నీళ్ళు. బండి అక్కడే పెట్టి వెనక్కెళ్ళి ఊరి బళ్ళో పడుకున్నాడు. వసూలైన డబ్బు సంచి తలకింద. యాప్‌లో అన్నీ కొట్టాడు, అది ఫోన్లో దాచుకుంటుంది, టవరు దొరికితే పంపుతుంది. టవరు సోమవారమే పడిపోయింది. మంగళవారం కూడా అక్కడే చిక్కుకుని, ఊరికే ఎందుకని పై ఊరి సెంటరు కూడా ఒకరోజు ముందే చేసేశాడు. మొత్తం 43 మంది, ఒక్కరూ ఎగ్గొట్టలేదు. వానలో తడిసిన నోట్లు బడి కిటికీ చువ్వలకి ఆరేశాడట.

తెర మీద అతని పేరు పక్కన సున్నా, సున్నా. ఎరుపు.

ఆరుగురిలో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఉండొచ్చు, బ్రాంచి మేనేజర్ని అడిగి ఉండొచ్చు. ఎవరికి వారు మిగిలిన ఐదుగురూ చూసుంటారనుకున్నారు. బుధవారం మధ్యాహ్నం అతను బురదకాళ్ళతో బ్రాంచిలో అడుగుపెట్టి సంచి బల్ల మీద పెట్టేసరికి, షోకాజ్ కాగితం ప్రింటర్లోంచి వచ్చి ఉంది. రెండు రోజులు వసూలు లేదు, ఫోన్ అందుబాటులో లేదు, సొమ్ము దుర్వినియోగం అనుమానం, 48 గంటల్లో జవాబివ్వాలి.

అతను జవాబు రాయలేదు. మర్నాడు బస్సెక్కి బరంపురం వచ్చాడు. నా బల్ల దగ్గర నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఆ కాగితం నా ముందు పెట్టి, మెల్లిగానే అడిగాడు.

"అప్పా, నాను సున్నానేటి?"

అప్పుడు గుర్తొచ్చింది తలుపు.

నా స్క్రీను మీద ఆ ఫార్ములా తెరిచే ఉంది. వరస చివర ప్లస్ సున్నా. అతనికి అది చూపించినా అర్థం కాదు, చూపించే ధైర్యమూ లేదు. టీ తెప్పించాను. యాప్‌లో సింక్ అయిన వేళ, మీటింగు వేళ, పాసుబుక్కుల ఫోటోలు అన్నీ కలిపి జవాబు నేనే టైపు చేసి, అతని చేత సంతకం పెట్టించాను. వాళ్ళ బ్రాంచి మేనేజరు మంచివాడు, తోడొచ్చి మాట్లాడాడు. వారానికి షోకాజ్ రద్దయింది. మెయిలు మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు, ఆరుగురి ఇన్‌బాక్సుల్లోనూ అలాగే ఉంది. 'దుర్వినియోగం అనుమానం' అన్న మాటతో అతని పేరు వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది.

ఆ సున్నా పెట్టింది నేనని చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నాన్నకి ముందు చెప్పాను. ఆయన అప్పడాలావిడ దగ్గరికెళ్ళి రెండు కట్టలు ఎక్కువ కొనుక్కొచ్చారు, ఇంకేమీ అనలేదు. జోనల్ హెడ్ గారికి చెప్తే ఆయన చాలాసేపు విని, నిజంగా బాధపడి, చివరికి, "అయితే ఇప్పుడు మళ్ళీ బ్లాంక్ వస్తుందా?" అన్నారు.

బ్లాంక్ రాదు, 'రాలేదు' వస్తుంది అని చెప్పాను.

దాన్ని రాబట్టడం ప్లస్ సున్నా అంత తేలిక కాలేదు. లెక్కలోనే 'రాలేదు' అనే మాట పెడితే అది అంకె కాకుండా పోతుంది, గ్రాఫు గియ్యదు, మొత్తం కూడదు. అందుకని అంకెని అంకెలాగే ఉంచి, బ్లాంకుని బ్లాంకులాగే వదిలి, పక్కన ఇంకో గడి కట్టాను: ఈ మనిషి ఫోన్నుంచి చివరిసారి కబురెప్పుడొచ్చింది అని. మీటింగు వేళ దాటాక కబురొచ్చి, అప్పటికీ వసూలు లేకపోతేనే సున్నా. కబురే రాకపోతే బూడిదరంగు, 'రాలేదు'. దీనికి సింక్ వేళలుండే టేబులు కావాలి. అది ఐటీ వాళ్ళ దగ్గర ఉంటుంది. అది ఇవ్వడానికి వాళ్ళు మూడు వారాలు, నాలుగు ఫారాలు, ఇద్దరు మేనేజర్ల ఆమోదం తీసుకున్నారు. ఎర్రరంగు అలర్టు పెట్టడానికి ఒక్క పూట పట్టింది.

అలర్టుని కూడా మార్పించాను. 'రాలేదు' అయితే మెయిలు ఆరుగురికి వెళ్ళదు. బ్రాంచి మేనేజరు ఒక్కడికే వెళుతుంది, అందులో ఒక్కటే వాక్యం: మీవాడు ఎక్కడున్నాడో కనుక్కోండి. పక్కింటామెని అడగమన్నట్టే.

కొత్త పేజీ పెట్టిన మొదటి వారం హెడ్డాఫీసునుంచి మెయిలొచ్చింది. మీ జోన్‌లో బూడిదరంగు మరీ ఎక్కువగా ఉంది, మిగతా జోన్లలో లేదు, తగ్గించే ప్రణాళిక పంపండి, అని. మిగతా జోన్లలో ఇంకా ప్లస్ సున్నాయే నడుస్తోంది కాబట్టి అక్కడ బూడిద లేదని రాశాను. జవాబు రాలేదు. దానికి ఏ రంగు పెట్టాలో నాకు తెలుసు.

ఆ గుంటడు ఇంకా అదే బ్రాంచిలో ఉన్నాడు. కొండ దిగుతుంటే ఒక మలుపు దగ్గర, చింతచెట్టు కింద, రెండు గీతల సిగ్నలొస్తుందట. అక్కడ బండాపి నాకు ఫోన్ చేస్తాడు, వారానికి ఒకట్రెండుసార్లు. మొన్న మంగళవారం కూడా చేశాడు. వెనకాల వాన చప్పుడు.

"అప్పా, పంపీసినాను. ఇప్పుడు పచ్చయ్యానేటి?"

"లేదురా. తరవాత రిఫ్రెష్ పదకొండున్నరకి. అప్పటిదాకా బూడిదే."

"సరే, బూడిదైతే పర్లేదు" అని పెట్టేశాడు.